కణకేంద్రకానికి కాల్షియం తెచ్చే కబురు

(తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల తెలుగు కుటుంబాల విశ్వావసు నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం ముగిసింది. ఆదాయ వ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ ఎవరివి వారు లెక్క చూసుకున్నారు. ఇక ఒక శాస్త్ర విషయం చెప్పమని, అది బడిపిల్లలకూ, బడి మొగం చూడని పెద్దలకూ కూడా అందేటట్లు చెప్పమని కార్యవర్గంవారు నన్ను ఆదేశించారు. నేను ఎన్నుకొన్న విషయం ఇది: మన శరీరంలోని జీవకణం నడుమ కేంద్రకమని ఒకటి ఉన్నది గదా, ఆ కేంద్రకానికి బయటి లోకపు కబురు ఎట్లా చేరుతుంది? ఆ కబురు మోసేవారిలో ముఖ్యమైనది కాల్షియం. తాంబూలంలోని సున్నమూ, గోడకు వేసే వెల్లా, ఎముకలోని గట్టిదనమూ అన్నీ ఆ కాల్షియం చేరిన పదార్థాలే.

ఉగాదినాడు ఈ విషయం ఎందుకని మీరు అడగవచ్చు. మన క్యాంపులలో ఏ అరుగుమీద కూర్చున్నా ఒక తగాదా వినబడుతుంది. "పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?" అంటారు కొందరు. "అంతా పెంపకంలోనే ఉన్నది, పుట్టుకదేమున్నది?" అంటారు మరికొందరు. పుట్టుకా, పెంపకమా? ఈ రెండూ కలిసి పనిచేసే చోటు ఒకటి కణం లోపలే ఉన్నది. అక్కడికి మిమ్మల్ని తీసుకొని వెళ్ళి, ఆ పని ఎట్లా జరుగుతున్నదో చూపించాలని నా కోరిక.

ముందు కాల్షియం సంగతి. ఎదిగిన మనిషి శరీరంలో ఇది సుమారు ఒక కిలో ఉంటుంది. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకలలోనూ పండ్లలోనూ ఉన్నది. మిగిలిన ఆ ఒక్క పాలే ఈనాటి మన కథ. ఆ ఒక్క పాలు లేకపోతే గుండె కొట్టుకోదు, చెయ్యి కదలదు, తలపు పుట్టదు.

ఈ సంగతి మొదట బయటపడ్డ తీరు విచిత్రమైనది. లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను శరీరంనుంచి వేరుచేసి, ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో పరీక్షించేవాడు. 1882లో ఆయన వాడిన నీరు ఊరి కుళాయి నీరు. గుండె చక్కగా కొట్టుకున్నది. తరువాత అదే ఉప్పును బట్టీపట్టిన శుద్ధజలంలో కలిపి చూస్తే గుండె కొంచెంసేపటికే నీరసించి ఆగిపోయింది. శుద్ధమైన నీటిలో ఆగిపోవటమేమిటి, కుళాయి నీటిలో ఆడటమేమిటి? వెతికి చూస్తే, కుళాయి నీటిలో సున్నపు అంశం కొద్దిగా ఉన్నది. ఆ కొద్ది కాల్షియమే గుండెను ఆడించింది. 1883లో ఆయన ఈ విషయం ప్రకటించాడు. నేడు ఆసుపత్రిలో రోగికి ఎక్కించే సెలైను సీసాలలో "రింగర్ లాక్టేట్" అని వ్రాసి ఉండేది ఆయన పేరే.

ఇక కణంలోకి వెళదాము. మీకు ఎదురుగా ఉన్న ఉపమానమే చెబుతాను. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయి కాలువలు పారటంవల్లనే గదా కృష్ణా గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి మన పెద్దలు మూటాముల్లె కట్టుకొని ఈ నల్లరేగడికి వచ్చారు. ఆనకట్టకు ఒక ప్రక్క నీరు నిండుగా ఉంటుంది, రెండవ ప్రక్క ఏరు పలచగా ఉంటుంది. ఆ ఎత్తుపల్లాల తేడాలోనే కాలువకు బలమున్నది. కణం కూడా అటువంటి కట్టే. కణం వెలుపల ఉన్న ద్రవంలో విడి కాల్షియం ఎంత ఉన్నదో, కణం లోపల దానిలో పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది. కేంద్రకంలోనూ అంతే పలచన. పది మైక్రోమీటర్ల వ్యాసం గల కేంద్రకానికి లెక్కకడితే, విశ్రాంతిగా ఉన్నప్పుడు అందులో ఉండే విడి కాల్షియం అయానులు సుమారు 30,000. ఇది ఒక చిన్న ఊరి జనాభా. నీటి అణువులు కోట్ల కోట్లు ఉన్న చోట ఇది లేనట్లే లెక్క. అందుచేత తలుపు తెరిచి కొద్దిగా కాల్షియం లోపలికి వదిలితే చాలు, అది గట్టి కేక వేసినంత తెలివిడిగా ఉంటుంది.

కణం కాల్షియాన్ని ఇంత పట్టుదలతో బయటికి నెట్టివేయటానికి ఒక కారణమున్నది. అక్కడ మన తెలుగువాడొకడు తటస్థపడతాడు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాకు వలసపోయి, 1948లో న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన హార్వర్డు వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి చేతబట్టి, కణం ఖర్చు చేసే శక్తి ఏ రూపంలో నిలవ ఉంటుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థం బయటపడ్డాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా ఏ.టి.పి.ని కనిపెట్టాడు. కణంలో జరిగే ప్రతి పనికీ రొక్కం ఈ ఏ.టి.పి.యే. దానిలో భాస్వరపు అంశం ఉన్నది.

భాస్వరపు లవణాలకు కాల్షియం తగిలితే ఏమవుతుంది? గట్టిపడి రాయి కడుతుంది. ఎముక తయారయ్యేది ఆ విధంగానే. కణం లోపల భాస్వరపు రొక్కం పెట్టుకొని, కాల్షియాన్ని కూడా వెలుపల ఉన్నంత రానిస్తే, బోరునీళ్ళు కాచిన పాత్రకు లోపల తెల్లని పెళ్ళు కట్టినట్లు కణమంతా గట్టిపడి చచ్చిపోతుంది. కనుకనే కణం పొరలో పంపులు ఉన్నాయి. అవి రాత్రింబగళ్ళు కాల్షియాన్ని తోడి కొంత వెలుపలికీ, కొంత కణంలోని ఒక వలవంటి పొరల సంచిలోకీ పోస్తుంటాయి. ఈ సంచిని పాఠ్యపుస్తకాలలో అంతర్జీవద్రవ్యజాలమన్నారు. మనం చెరువు అనుకుందాము. ఈ చెరువులోకి తోడే పంపు ఒక్క ఏ.టి.పి. ఖర్చుకు రెండు కాల్షియం అయానులను ఎత్తిపోస్తుంది. సుబ్బారావుగారు బయటపెట్టిన ఆ రొక్కంతోనే ఈ ఎత్తిపోతల పథకం నడుస్తున్నదన్నమాట.

బ్రతకటానికి పెట్టుకొన్న ఈ కాపుదలనే కణం క్రమంగా వార్తలు పంపుకొనే సాధనంగా కూడా వాడుకొన్నది. తూము ఎత్తితే కాల్షియం పరుగెత్తి వస్తుంది, తూము దించి పంపు నడిపితే తగ్గిపోతుంది. ఎత్తటం, దించటం, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ చోట అన్నవే దాని అక్షరాలు.

కంటికి కనబడని ఈ రాకపోకలను చూడగలిగింది ఒక సముద్రజీవి పుణ్యాన. జపాను నుంచి అమెరికా వెళ్ళిన ఒసాము షిమోమురా 1961 వేసవిలో పసిఫిక్ తీరంలోని ఫ్రైడే హార్బరులో మెరిసే జెల్లీచేపలను వేలకొద్దీ పట్టి, వాటి వెలుగుకు కారణమైన పదార్థాన్ని తీయాలని ప్రయత్నించాడు. ఒకనాడు పనికిరాదని ఆ రసాన్ని తొట్టిలో పారబోశాడు. ఆ తొట్టిలోకి సముద్రపు నీరు కూడా వస్తున్నది. రసం అందులో కలియగానే తొట్టి నీలంగా భగ్గున వెలిగింది. సముద్రపు నీటిలోని కాల్షియమే ఆ దీపాన్ని ముట్టించిందని ఆయన తేల్చాడు. ఆ మాంసకృత్తుకు ఎక్వోరిన్ అని పేరు. దానిని కణంలోకి ఎక్కిస్తే, కాల్షియం వచ్చినప్పుడల్లా కణం వెలుగుతుంది. తరువాత రోజర్ చెన్ అనే శాస్త్రవేత్త కాల్షియం తగిలితే వెలుగు మార్చే రంగులను తయారుచేశాడు. 1997లో ఆయన బృందంవారు కణం తానే తయారుచేసుకొనే సూచక మాంసకృత్తులను నిర్మించి, వాటికి చిరునామా తగిలించి సరాసరి కేంద్రకంలోకే పంపగలిగారు. షిమోమురా, చెన్, మార్టిన్ ఛాల్ఫీలకు 2008లో నోబెల్ బహుమానం వచ్చింది. అది ఆ జెల్లీచేపలోనే దొరికిన మరొక పచ్చని వెలుగు మాంసకృత్తుకు.

ఇప్పుడు కేంద్రకం. ప్రతి కణంలోనూ మనకు తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల పుస్తకం ఉన్నది. కాలేయపు కణంలోనూ, కంటి కణంలోనూ పుస్తకం ఒక్కటే, తెరిచే పుటలు వేరు. ఆ పుస్తకం దాచిన గది కేంద్రకం. దాని చుట్టూ ఒకటి కాదు, రెండు పొరలు. ఆ రెండు పొరల నడుమ ఖాళీ, నేను ఇందాక చెరువు అన్నానే, దానితో కలిసే ఉన్నది. అనగా కేంద్రకం చుట్టూ కందకం తవ్వి కాల్షియం నింపినట్లు ఉన్నదన్నమాట. పొరలకు అడ్డంగా వందలూ వేలూ ద్వారాలు. కణద్రవ్యంలో కాల్షియం పెరిగితే అది ఆ ద్వారాలగుండా కేంద్రకంలోకి వస్తుంది. అంతేకాదు, 1995లో ఇంగ్లండులో పీటర్‌సన్ మొదలైనవారు కేంద్రకాలను కణంనుంచి విడదీసి పరీక్షించి, కందకంలోని కాల్షియం తూములు తెరుచుకొని వెలుపలికి రాగలదని చూపారు. లోపలి పొరమీద కూడా అటువంటి తూములు ఉన్నవని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అందుచేత కబురు రెండు త్రోవల రావచ్చు: వీధి వాకిటినుంచి, పెరటి బావినుంచి.

ఇక్కడ ఒక సందేహం. కాల్షియం కణద్రవ్యంలో ఉన్నా, కేంద్రకంలో ఉన్నా కాల్షియమే గదా, తేడా ఏమున్నది? దీనిని తేల్చటానికి 1997లో హార్డింగామ్, బాడింగ్ మొదలైనవారు కేంబ్రిడ్జిలో చక్కని ప్రయోగం చేశారు. కాల్షియాన్ని పట్టి బంధించే ఒక పదార్థాన్ని పెద్ద చక్కెర గొలుసుకు కట్టి, సన్నని సూదితో ఎలుక కణపు కేంద్రకంలోకి ఎక్కించారు. అంత పెద్ద మూట కేంద్రకపు ద్వారాలలోనుంచి వెలుపలికి పోలేదు. ఇక కణాన్ని రేపితే, కణద్రవ్యంలో కాల్షియం మామూలుగా పెరుగుతుంది, కేంద్రకంలో మాత్రం పెరగదు. అప్పుడు చూస్తే, జన్యువుల ముందుండే రెండు రకాల మీటలలో ఒకటి యథాప్రకారం పనిచేసింది, రెండవది కదలలేదు. కణద్రవ్యంలోని కాల్షియానికి లొంగే మీట వేరు, కేంద్రకంలోని కాల్షియానికి లొంగే మీట వేరు అని రుజువైంది. వీధిలో చెప్పిన మాటకూ, ఇంట్లోకి వచ్చి చెప్పిన మాటకూ ఉన్నంత తేడా అది.

కేంద్రకంలో ఈ మాట వినేవారెవరు? కాల్మోడ్యులిన్ అనే చిన్న మాంసకృత్తు ఒకటున్నది. దానికి నాలుగు చేతులు. నాలుగు కాల్షియం అయానులు ఆ చేతులలో పడగానే అది ఆకారం మార్చుకొని, మరొక ఎంజైమును తట్టిలేపుతుంది. ఆ ఎంజైము ఏ.టి.పి. నుంచి ఒక భాస్వరపు తునక తీసి క్రెబ్ అనే మాంసకృత్తుకు అతికిస్తుంది. క్రెబ్ జన్యువు వాకిట కాపలా కూర్చొని ఉంటుంది. ఈ ముద్ర పడగానే తోడివారిని పిలిచి, ఆ జన్యువును చదివించటం మొదలుపెడుతుంది. పుస్తకంలోని పుట తెరుచుకొని, నకలు తయారై, నకలు ప్రకారం క్రొత్త మాంసకృత్తు తయారవుతుంది. కాల్షియం ఒక్కటే అన్ని కబుర్లూ మోస్తుందని నేననను. ఇతర వార్తాహరులూ ఉన్నారు. కాని ఇంత పొదుపుగా, ఇంత త్వరగా మోసేది మరొకటి అరుదు.

మన రైతు సోదరులకు దగ్గరి ఉదాహరణ ఇప్పుడు చెబుతాను. పప్పుజాతి పైర్ల వేళ్ళకు బుడిపెలు ఉంటాయని, వాటిలో రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తాయని మీకు తెలుసు. విత్తనాలకు రైజోబియం కల్చరు పట్టించేది అందుకే. అయితే వేరు ఆ క్రిమిని లోపలికి ఎట్లా రానిస్తుంది? నేలలో వేల రకాల క్రిములున్నవి గదా! వేరు ముందుగా కొన్ని పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. రైజోబియం వాటిని గుర్తించి, బదులుగా నాడ్ కారకం అనే తన గుర్తును పంపుతుంది. ఆ గుర్తు వేరునూగుకు తగిలిన కొద్ది నిమిషాలలోనే ఆ నూగుకణపు కేంద్రకం చుట్టూ, కేంద్రకం లోపలా కాల్షియం కొట్టుకోవటం మొదలుపెడుతుంది. సుమారు నిమిషానికొకటి, రెండు నిమిషాలకొకటి చొప్పున, నాడి ఆడినట్లు, గంటల తరబడి. ఈ స్పందనలను 1996లో లూసర్న్ గడ్డి వేళ్ళలో మొదట చూశారు. తరువాతి పరిశోధన చాలావరకు మెంతికి దగ్గరి చుట్టమైన మెడికాగో అనే మొక్కలో జరిగింది. స్పందనకు కావలసిన కాల్షియం కేంద్రకపు కందకంలోనుంచే వస్తుంది, దాని తూములూ పంపులూ ఆ పొరమీదనే ఉన్నాయి.

కేంద్రకంలో ఈ స్పందనలను లెక్కించే ఎంజైము ఒకటున్నది. 2006లో శాస్త్రజ్ఞులు ఆ ఎంజైమును ఎల్లప్పుడూ మేల్కొని ఉండేటట్లు మార్చారు. అప్పుడు ఏమైందనుకొన్నారు? క్రిమి ఒక్కటి లేకపోయినా వేరు బుడిపెలు కట్టింది! చుట్టం రాకుండానే విస్తరి వేసినట్లు. బుడిపె కట్టే విద్య మొక్క జన్యువులలోనే ఉన్నది. కాని పిలుపు రానిదే అది మేల్కొనదు. పిలుపు కేంద్రకంలో కాల్షియం రూపంలో వినబడాలి. పుట్టుక ఇచ్చిన విద్యా, బయటినుంచి వచ్చిన కబురూ, ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ వేరుకు నత్రజని లేదు.

ఇక మన తలలోకి వద్దాము. మెదడులోని నాడీకణం మరొక నాడీకణాన్ని పలకరించినప్పుడు కాల్షియం లోపలికి వస్తుంది. చిన్న పలకరింపు అయితే ఆ కొసనే చల్లారిపోతుంది. గట్టిగా, మరల మరల పలకరిస్తే కాల్షియం తరంగం కేంద్రకం దాకా చేరుతుంది. అప్పుడు జన్యువులు తెరుచుకొని, క్రొత్త మాంసకృత్తులు తయారై, ఆ రెండు కణాల స్నేహం గట్టిపడుతుంది. కొద్దిసేపటి జ్ఞాపకానికి క్రొత్త మాంసకృత్తులు అక్కరలేదు. చిరకాల జ్ఞాపకానికి కావాలి.

దీనిని ఈగలలో పరీక్షించారు. పండ్లమీద ముసిరే చిన్న ఈగలకు ఒక వాసన చూపి, దానితోపాటు చిన్న విద్యుత్ తాకిడి ఇస్తారు. అవి ఆ వాసనంటే తప్పుకుపోవటం నేర్చుకుంటాయి. 1994లో టల్లీ బృందం చేసిన ప్రయోగంలో, పది పాఠాలు ఎడతెరపి లేకుండా చెప్పిన ఈగలకూ, పాఠానికీ పాఠానికీ నడుమ పదిహేను నిమిషాల విరామమిచ్చి చెప్పిన ఈగలకూ తేడా కనబడింది. మాంసకృత్తుల తయారీమీద ఆధారపడిన, రోజుల తరబడి నిలిచే జ్ఞాపకం విరామమిచ్చి నేర్పిన వాటికే కలిగింది. 2013లో బాడింగ్ బృందంవారు ఈగ మెదడులోని జ్ఞాపకపు కణాలలో, కేంద్రకంలోని కాల్షియం కబురు అందకుండా అడ్డుకొన్నారు. ఈగలు పాఠం నేర్చుకున్నాయి, కొంతసేపు గుర్తుంచుకున్నాయి. చిరకాల జ్ఞాపకం మాత్రం ఏర్పడలేదు. పాఠం వీధిలోనే ఆగిపోయింది, ఇంట్లోకి రాలేదు.

ఈగ వేరు, మనిషి వేరు. నిజమే. కాని విరామమిచ్చి నేర్పితే బాగా నిలుస్తుందన్నది మనుషుల విషయంలో అంతకుముందే తేలినదే. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు తనమీదనే పరీక్షలు చేసుకొని, ఒకే పూట 68 సార్లు వల్లెవేసినదానికన్నా, మూడు రోజులలో పంచి 38 సార్లు వల్లెవేసింది తీసిపోకుండా నిలిచిందని వ్రాశాడు. మన పూర్వులు ఎక్కాలూ శతకపద్యాలూ రోజుకు కొంచెం చొప్పున వల్లెవేయించింది ఈ శాస్త్రం చదివి కాదు, అనుభవంవల్ల.

మంచి చెప్పాను గనుక చెడు కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి మన డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిన సంగతి ఇక్కడున్న ఎవరూ మరువలేదు. పారే నీటిలోనే అడ్డుపలకలు దించి దానిని మూసేదాకా మనం అన్నం సరిగా తినలేదు. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో అదే జరుగుతుంది. రక్తం అందక ఏ.టి.పి. తరిగిపోతుంది, పంపులు ఆగుతాయి, కాల్షియం వరదగా కణంలోకి వచ్చి దానిని కూల్చివేస్తుంది. కాబట్టి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళండి. నూనెలూ పసర్లూ అంటూ ఆ గంటలను పోగొట్టుకోవద్దు.

కేంద్రకానికి పోయే కబురును కావాలని ఆపి మేలు చేసే సందర్భమూ ఉన్నది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అనే మందులు వేసుకుంటారు. క్రొత్త మూత్రపిండాన్ని చూసి మన రక్షక కణాలలో కాల్షియం పెరుగుతుంది. దానివల్ల ఒక మాంసకృత్తు కేంద్రకంలోకి వెళ్ళి యుద్ధపు జన్యువులను తెరుస్తుంది. ఈ మందులు ఆ మాంసకృత్తును గుమ్మం దగ్గరే నిలిపివేస్తాయి. ఇది 1991లో తేటతెల్లమైంది. అటువంటి మందు ఒక్క పూట మానినా ప్రమాదమెందుకో ఇప్పుడు మీకు తెలిసింది గదా.

ఈ ప్రసంగం విన్నవారెవరైనా రేపు ఉదయం అంగడికి పోయి, పిల్లవాడికి జ్ఞాపకశక్తి పెరుగుతుందని కాల్షియం మాత్రలు కొనవద్దని నా మనవి. నాడీకణపు కబురు కాల్షియం నిలవలమీద కాదు, తూములు తెరుచుకొనే తీరుమీద ఆధారపడి ఉన్నది. ఆహారంలో తగ్గితే శరీరం ఎముకనుంచి తీసి అయినా రక్తంలో మట్టం నిలబెడుతుంది. నష్టపోయేది ఎముక. అందుకే పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని మన దేశపు పోషకాహార నిపుణులు 2020లో నిర్ణయించారు. పాలు, పెరుగు, ఆకుకూరలు తినండి. రాగిసంకటి అనండి, రాగిముద్దె అనండి, నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. కొంచెం ఎండ పొడ తగలనివ్వండి. మాత్రలు కావాలో వద్దో వైద్యుడు చెప్పాలి.

ఇక మొదట ఎత్తిన తగాదాకు తీర్పు చెప్పి విరమిస్తాను. పుట్టుకా, పెంపకమా అంటే, కణకేంద్రకం చెప్పే జవాబు ఇది: పుస్తకం పుట్టుకతో వచ్చింది, ఏ పుట ఎప్పుడు తెరవాలన్నది చాలావరకు బయటినుంచి వచ్చే కబురు చెబుతుంది. పుస్తకం లేక కబురు వృథా. కబురు లేక పుస్తకం మూసే ఉంటుంది.

దీనిని భాషకు అన్వయించేటప్పుడు జాగ్రత్త కావాలి. తెలుగు అనే జన్యువు ఎవరి రక్తంలోనూ లేదు. ఏ భాషనైనా నేర్చుకొనే శక్తి మనుష్యజాతికంతటికీ పుట్టుకతో ఉన్నది. ఏ భాష నేర్చుకుంటాడన్నది మాత్రం ఆ బిడ్డ చెవిన పడే మాటలే నిర్ణయిస్తాయి. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు. సంతోషం. అది మనకు అన్నం పెట్టిన నేల భాష, మన ఉగాదే వారి ఉగాది. ఇంగ్లీషు చదువుతున్నారు. అదీ కావలసిందే. కాని "మా రక్తం తెలుగు రక్తం, తెలుగు ఎక్కడికి పోతుంది?" అని నిశ్చింతగా కూర్చున్న పెద్దలకు నేను చెప్పేది, రక్తంలో అది లేదు గనుక నిలవటానికి అక్కడ చోటు లేదని. తాతగారు కృష్ణా జిల్లా నుంచి మోసుకొచ్చిన మాట మనుమరాలికి ముట్టేది ఒకే ఒక త్రోవన, ఆమెతో మాట్లాడటంవల్ల. ఒక తరం ఆ త్రోవ మూస్తే, తరువాతి తరానికి తాతగారి ఉత్తరం చదివిపెట్టటానికి పొరుగువారిని పిలవాలి.

ఎట్లా నేర్పాలో కూడా పై ప్రయోగాలు సూచన ఇస్తున్నాయి. వేసవి సెలవులలో ఒక వారం కూర్చోబెట్టి యాభైఆరు అక్షరాలూ దిద్దించి, మరునాటినుంచి సంవత్సరంపాటు మరచిపోతే అది నిలవదు. రోజుకు పది నిమిషాలు, ఒక పుట, ఒక పద్యం, ఒక పొడుపుకథ, భోజనాల దగ్గర ఒక ముచ్చట. మరునాడు మరల కొంచెం. నిమిషానికొకసారి కొట్టుకొనే ఆ వేరునూగు స్పందనవలె, ఆపి ఆపి, మానకుండా. పిలుపు చిన్నదైనా ఫరవాలేదు. మరల మరల రావాలి. అప్పుడే అది కేంద్రకం దాకా చేరుతుంది.

మన కార్యవర్గంవారు ఈ సంవత్సరం ఆదివారపు తెలుగు తరగతి పెట్టాలని ఆలోచిస్తున్నట్లు విన్నాను. వారికి నా విన్నపం ఒక్కటే. ఆదివారం రెండు గంటలు పెట్టటంకన్నా, ఆ రెండు గంటలనే వారమంతా పంచండి. తరగతి నడపటానికి పంతులుగారు దొరకని రోజున, అమ్మమ్మలూ నాయనమ్మలూ చాలు.

 క్రొత్త సంవత్సరం మీకు ఆరోగ్యాన్ని, మీ పొలాలకు నీటిని, మీ ఇళ్ళకు పిల్లల మాటల సందడిని ఇచ్చుగాక.